మల్బరీ లేని పెరడు

ఏటా చలికాలంలో ఒక ఆదివారం పొద్దున, ఆ పేటలో కొందరు ఎవరి పెరట్లో వాళ్లు పావుగంట కూర్చుని, వాలిన పిట్టలను లెక్కపెట్టి, ఆ లెక్కను పక్షిప్రేమికుల సంఘానికి పంపుతారు. ఆ ఇంట్లో అది మామగారి పని. కరెంటు స్తంభాలెక్కి బతికిన మనిషి. తీగల మీద తనకు తోడున్నవి పిట్టలేననేవారు. ఈ ఏడు పక్షవాతం ఆయన్ని వీధిగదిలో మంచానికి కట్టేసింది. మాట మాత్రం మిగిలింది.

"ఈసారి నువ్వే కూర్చోవాలమ్మాయ్," అన్నారు కోడలితో.

కోడలు బట్టలు కుడుతుంది. ఆమెకు పిట్టలంటే ప్రాణమేమీ కాదు. మామగారంటే ప్రాణం. శాలువా కప్పుకుని, స్టూలు వేసుకుని పెరట్లో కూర్చుంది. గోడకు అవతల పక్కింటివాళ్ల మల్బరీ చెట్టు ఉండాల్సిన చోట మొద్దు మాత్రం ఉంది. పోయిన నెల కారు షెడ్డు కోసం కొట్టించారు. మామగారికి చెప్పలేదు. లేచి చూడలేని మనిషికి చెప్పి ఏడిపించడం దేనికని ఊరుకుంది.

పావుగంట గడిచింది. మంచు తప్ప పెరట్లోకి ఏదీ దిగలేదు.

"ఏమేమొచ్చాయి?" లోపలికి రాగానే అడిగారాయన.

"పికిలి పిట్టలు జంటగా వచ్చాయి మామయ్యా. గోరింకలు, పిచుకలు..."

"ఎక్కడ వాలాయి?"

"ఎప్పట్లాగే. మల్బరీ మీద."

ఆయన ఇంటికప్పు వైపు చూస్తూ అన్నారు. "నీ కుట్టు బాగుంటుంది గానీ, ఈ అతుకు బయటికి కనిపిస్తోందమ్మా. చెట్టు కొట్టిన రోజు నువ్వు కుట్టు షాపులో ఉన్నావు. నేనిక్కడే ఉన్నా. రంపం మోత సాయంత్రం దాకా విన్నాను."

ఆమె మంచం పక్కన కూర్చుంది. "మరి నన్నడగలేదే?"

"నువ్వే చెప్తావని చూశా. చెప్పలేదు. నా కోసం దాస్తున్నావు కదా, దాచుకోనీలే అనుకున్నా." ఆమె ఫోను వైపు చూసి, "ఒక్కటీ రాలేదని పంపు," అన్నారు.

"ఇన్నేళ్లూ సంఘంవాళ్లు మన పెరడంటే గొప్పగా చెప్పుకున్నారు. ఇప్పుడేమనుకుంటారు?"

"అనుకోవాలనే. చెట్టు కొట్టేస్తే ఏమవుతుందో తెలియాలి."

ఆమె ఫోను తీసి, ఉన్నదున్నట్టు పంపింది. తల ఎత్తేసరికి ఆయన గోడవైపు ముఖం తిప్పుకుని ఉన్నారు. భుజం కదులుతోంది. ఆమె ఫోను పక్కన పెట్టి, ఆయన దుప్పటి సర్దింది.

చివరికి ఆయనే అడిగారు. "నన్నొకసారి పెరట్లోకి తీసుకెళ్తావా?"

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, రెండు గదులూ దాటించి, గడప దగ్గర ఆపసోపాలు పడి, ఈడ్చుకొచ్చింది. ఆయన గోడ అవతల, చెట్టు పోయిన ఖాళీని చాలాసేపు చూశారు. తిట్టలేదు, ఏడవలేదు. బాగున్న చెయ్యి మోకాలి మీద పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు.

ఎక్కణ్నుంచో ఒక కాకి వచ్చి గోడమీద వాలింది. ఆమె ఆశగా ఫోను అందుకుంది. "దీన్నైనా లెక్కలో వేసేదా?"

"వద్దు. గడువయ్యాక వచ్చింది."

కాకి అటూ ఇటూ చూసి వెళ్లిపోయింది. చలేస్తోందా అని ఆమె అడిగితే, వేస్తోందన్నారు. ఆమె తన శాలువా తీసి ఆయనకు కప్పింది. లోపలికి పోదామని మాత్రం ఇద్దరూ అనలేదు.