గురువారం వాగు

"వాగు ఒడ్డున ఒక్క గడపను కూడా కదిలించం. ఇది నా ఒక్కడి మాట కాదు, ప్రభుత్వం మాట." కొత్త వంతెన మీద నిలబడి పంచాయతీ అధ్యక్షుడు ఇలా అన్నప్పుడు బుట్టలక్క కూడా చప్పట్లు కొట్టింది. ఆరు నెలలు తిరక్కుండానే ఆ చేతుల్లోనే నోటీసు పెట్టారు. ఆమె ఇల్లు వాగు మధ్యలో ఉందట. నెల రోజుల్లో ఖాళీ చెయ్యాలట.

వాగు పెద్దదేం కాదు. ఎగువన రాళ్లగుట్ట దగ్గర పుట్టి, పొలాల మధ్య నుంచి వచ్చి, ఊరికి తూర్పున బడి వెనకగా పోయి, రెండు మైళ్ల దిగువన ఏట్లో కలుస్తుంది. ఎండాకాలం మోకాలి లోతు కూడా ఉండదు. నూరేళ్ల కిందట ఒక వరద దాన్ని తూర్పుకు నెట్టేసింది. అప్పటి నుంచీ గురువారం గురువారం అది తన పాత దారికి వస్తుంది. తెల్లవారాక వచ్చి పొద్దుగూకే వేళకు వెళ్లిపోతుంది.

ఆ పాత దారి బుట్టలక్క వంటింట్లోంచి పోతుంది. ఆమె అమ్మమ్మ ఇల్లు కట్టించినప్పుడే ఎదురెదురుగా రెండు గుమ్మాలు పెట్టించింది, వాగు ఎక్కడా ఆగి తలుపు తట్టక్కర్లేకుండా. బుధవారం సాయంత్రం అక్క బియ్యం డబ్బా అటకెక్కించి, చీల్చిన వెదురు బద్దల్ని కట్టలు కట్టి వంటింటి నేల మీద పరుస్తుంది. గురువారమంతా అవి పారే నీటిలో నానతాయి. నిలవ నీళ్లలో నానిన బద్ద వంచితే విరుగుతుంది. ఆమె బుట్ట పదేళ్లు మన్నుతుందంటే కారణం అదే.

సర్వేయరు పొరుగూరి మనిషి. గురువారం నాడు వచ్చాడు. నీళ్లున్న చోట గొలుసు పరిచి, పటం మీద నీలం గీత గీసుకుని పోయాడు. దాంతో అక్క ఇల్లు వాగయింది. ఆరు రోజులు వాగు పారే చోటేమో ఖాళీ భూమి అయింది. ఆ ఖాళీ భూమిని ఇసుక తవ్వుకోమని అధ్యక్షుడి అల్లుడికి రాసిచ్చారు. చరిత్రను గెలిచినవాళ్లు రాస్తారంటారు. పటాల్ని మాత్రం వారం చూసుకుని గీయిస్తారు.

ఊళ్లో పసిపిల్లాడు కూడా వాగును గురువారం కొలవమనడు. మరి ఆ రోజే రమ్మన్నదెవరు? అందరూ పక్కవాడి మొహం చూడటం మొదలుపెట్టారు.

"నేనైతే ఆ పంచాయతీ ఆఫీసు గడపే తొక్కలేదు," అన్నాడు దర్జీ, వీధిలో అక్క ఎదురుపడగానే.

"నిన్నెవరడిగారు?" అంది అక్క.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాళ్లు ఊరినిండా తయారయ్యారు.

అక్క తమ్ముడు ఆ ఆఫీసులోనే గుమాస్తా. తిరిగి కొలవమని అర్జీ పెట్టి ఆమె అతని దగ్గరికి వెళ్లింది.

"ఏ రోజు వస్తారట్రా?"

తమ్ముడు ఫైలు దారం విప్పి మళ్లీ ముడేశాడు. "రోజుదేముందక్కా. వస్తార్లే."

"శుక్రవారం పెట్టించు."

"నా చేతిలో ఏముంది? పైనుంచి చెప్తారు, నేను రాస్తాను."

"పైనుంచంటే? అటక మీంచా?"

పక్క బల్ల దగ్గర టైపిస్టు నవ్వాపుకుంది. తమ్ముడు నవ్వలేదు, తలెత్తనూ లేదు.

నాలుగో రోజున ఉత్తరం వచ్చింది. వచ్చే గురువారం పదింటికి కొలత. అక్షరాలు తమ్ముడివి. చిన్నప్పుడు వాడి చెయ్యి పట్టుకుని దిద్దించింది ఆమే.

బుధవారం ఆమె కట్టలు పరవలేదు. సాయంత్రం తూర్పున వాగులో కాళ్లు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. పెదవులు కదిలాయని అవతలి ఒడ్డు నుంచి చూసిన దర్జీ చెప్పాడు. తిట్టిందో బతిమాలిందో అతనికీ వినపడలేదు.

గురువారం పదింటికి సర్వేయరు గొలుసుతో వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నేల పొడిగా ఉంది.

"వాగేదమ్మా?"

"నన్నడుగుతారేం? కొలిచింది మీరు."

వాగు తూర్పునా లేదు. బతికున్నవాళ్లెవరూ చూడని, ఇంకా పాత దారి ఒకటి దానికి ఉన్నట్టుంది. బజారు మధ్య నుంచి వచ్చి, ఆఫీసు మెట్లెక్కి, తమ్ముడి బల్ల కింద నుంచి పారుతోంది. గుమాస్తాలు కాళ్లు కుర్చీల మీదికి ముడుచుకుని పని చేసుకుంటున్నారు. టైపిస్టు చెప్పులు బీరువా మీద పెట్టింది.

సర్వేయరు రూలు మనిషి. నీళ్లున్న చోటే వాగు అంటూ గొలుసు పరిచాడు. మధ్యాహ్నానికి నీలం గీత ఆఫీసు దాటి, అధ్యక్షుడి కొత్త ఇంటి హాలు దాటి, అల్లుడి లారీల షెడ్డులోంచి బయటపడింది.

"ఇదెక్కడి కొలతయ్యా? వాగుకేం తెలుసు?" అన్నాడు అధ్యక్షుడు.

"పోయినసారి కూడా ఇలాగే కొలిచానండీ. అప్పుడు బాగుందన్నారు."

అధ్యక్షుడు తన ఇంటికి తానే నోటీసు ఇచ్చుకోలేక రెండు పటాలూ రద్దు చేయించాడు. వాటితో పాటు అక్క నోటీసు పోయింది, ఇసుక పట్టా పోయింది.

శుక్రవారం వాగు తూర్పుకు తిరిగొచ్చింది. కానీ ఆ తర్వాతి గురువారం అక్క వంటింటికి రాలేదు. మళ్లీ ఆఫీసుకే వెళ్లింది. ఇక ఎప్పుడూ అంతే. అక్క కట్టలు నెత్తిన పెట్టుకుని అక్కడికే వెళ్లి, తమ్ముడి కుర్చీ చుట్టూ నానబెట్టుకుంది. ఎవరూ కాదనలేదు.

"గురువారమని నీకు చెప్పిందెవర్రా?"

"నేను రాశానంతే అక్కా."

"రాసింది నువ్వని నాకు తెలుసు. చెప్పిందెవరు?"

మూడు గురువారాలు ఆమె అడిగింది. మూడుసార్లూ అతను నీళ్లకేసి చూశాడు. నాలుగో గురువారం ఆమె అడగలేదు. ఒక కాగితం తెచ్చి అతని బల్ల మీద పెట్టింది. ఆఫీసుకొచ్చే ప్రతి కాగితాన్నీ తీసుకుని, చదివి, ముద్ర వెయ్యాల్సింది అతనే. చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. ముద్ర వేశాడు.

"మా వాగును గురువారం కొలవమని రెండుసార్లు చెప్పిన మనిషి ఎవరో నాకు రాతపూర్వకంగా తెలపాలి. పేరు రాయడానికి భయమైతే, భయమని రాసినా తీసుకుంటాను. ఖాళీ కాగితం మాత్రం తీసుకోను. గడువు: ఏప్రిల్ పద్దెనిమిది, గురువారం."