హెడ్మాస్టరు గది తాళంచెవి

భర్త చొక్కా ఉతికేముందు జేబులు తడిమి చూడటం పెళ్ళయిన కొత్తలో అత్తగారు అప్పగించిన పని. "వాడికి మతిమరుపు, నువ్వే చూసుకోవాలి" అన్నారావిడ. అప్పట్నుంచీ ఆమె చూసుకుంటూనే ఉంది. ఆ రోజు జేబులో దొరికింది బడిలో ఆయన గది తాళంచెవి. ఆయన హెడ్మాస్టరు. వరదకు ఇళ్ళు మునిగిన పల్లపు వీధుల జనమంతా ఇప్పుడు ఆ బడిలోనే తలదాచుకున్నారు. తరగతి గదులన్నీ తెరిచిచ్చారు గానీ, బాత్రూము ఉన్న ఆ ఒక్క గదికి మాత్రం ఆయన తాళం వేసుకున్నారు. వెనకవైపు పిల్లల మరుగుదొడ్లు ఇంకా బురదనీటిలోనే ఉన్నాయి.

"తెరిస్తే పాడు చేసిపెడతారే. రేపు ఆఫీసర్లొస్తే వాళ్ళనెక్కడికి పంపను?" అన్నారు నిన్న ఆమె అడిగితే. "అయినా ఒక్కరైనా నోరు తెరిచి అడిగారా? అన్నీ సరిపోతున్నాయి. తాగే నీళ్ళ టిన్నులు కూడా మిగిలిపోతున్నాయి."

ఎందుకు మిగులుతున్నాయో ఆ మహానుభావుడికి తట్టదు. శిబిరంలో టీ కాచి పోసే జీతం లేని ఉద్యోగం ఎలాగూ ఆమెదే కాబట్టి, ఆమెకు తెలిసింది. మగవాళ్ళు రెండోసారి కూడా గ్లాసు చాపుతారు. ఆడవాళ్ళు వద్దంటారు. నెలలు నిండిన ఒకామెకు నీళ్ళిస్తే, పెదవులు తడుపుకుని గ్లాసు పక్కన పెట్టేసింది. "చీకటి పడేదాకా ఆగాలి కదక్కా" అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అది తన నవ్వే. ప్రయాణమంటే చాలు పొద్దుట్నుంచీ నీళ్ళు మానేసి, దారిలో బస్సు ఆగినప్పుడు గోడవారకు వెళ్ళొచ్చిన ఈయన "నీకేం అవసరం లేదుగా?" అంటే, లేదండీ అని నవ్విన నవ్వు. ఆడదానికి ఓర్పుండాలనేవారు అత్తగారు. ఓర్పట, ఓర్పు! ఒకసారి పొత్తికడుపు నొప్పితో తను మెలికలు తిరిగితే, నీళ్ళెందుకు తాగవని డాక్టరమ్మ కేకలేసింది. పక్కనే కూర్చున్న ఈయన "ఎంత చెప్పినా వినదండీ" అన్నారు.

చొక్కా బకెట్లోనే వదిలేసి, తడి చేతులు తుడుచుకుంటూ ఆమె బడికి నడిచింది. గది తాళం తీసింది. ముందుగా ఆ నెలలు నిండినామెను లోపలికి పంపి, గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చుంది. హెడ్మాస్టరు కుర్చీయే.

కబురందగానే ఆయన గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్న వేరే చొక్కాతో పరుగెత్తుకొచ్చారు. వరండాలో ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు.

"మతిగానీ పోయిందా నీకు? నలుగురిలో నా పరువు తీస్తావా? తాళంచెవి ఇటివ్వు."

"ఇవ్వను. ఇకమీదట ఇది నా దగ్గరే ఉంటుంది."

"రేపు కడిగేదెవరు?"

"మేం వంతులేసుకుంటాం సారూ" అంది వరసలోంచి ఒక ముసలమ్మ.

"మరి ఆఫీసర్లొస్తే?"

"వరసలో నిలబడతారు" అంది కుర్చీలోంచి ఆమె.

ఆమె లేచి టిన్ను దగ్గరకు వెళ్ళి, వద్దన్న ప్రతి చేతికీ గ్లాసు నిండా నీళ్ళిచ్చింది. తనూ ఒక గ్లాసు నింపుకుని, ఆయన కళ్ళెదురుగానే అడుగుదాకా తాగింది. తర్వాత టిన్ను వంచి చూసింది.

"నీళ్ళయిపోయాయండీ. ఇంకో టిన్ను తెప్పించండి."