జడ మస్తాన్‌బీ, యాభై ఒకటి

నేను ఒక కవరును. మే పదకొండో తేదీ ఉదయం ఆరుంపావుకు, నరసరావుపేటలో ఒక కల్యాణమండపం పైగదిలో నన్ను మస్తాన్‌బీ చేతిలో పెట్టారు. అప్పుడు నాలో ఏమీ లేదు.

నన్ను గుంటూరులో ఒక ప్రెస్సులో కోసి, మడిచి, వినాయకుణ్ణి అచ్చువేశారు. మూలన రూపాయి బిళ్ళ అంటించి, పదేసి కట్టలుగా షాపుకు పంపారు. పెళ్ళికూతురి తల్లి హైమావతి ఒక కట్ట కొన్నది. పెళ్ళి ముందురోజు పసుపు చేత్తోనే తొమ్మిది కవర్లలో నోట్లు పెట్టింది: మేళగాళ్ళకు, వంటవాళ్ళకు, గోరింటాకు పెట్టినామెకు, జడవేసినామెకు. ఎవరినైనా మరిచిపోతే పనికొస్తుందని నన్ను ఖాళీగా ఉంచి, అదే సంచిలో వేసింది. నా వీపున ఆమె బొటనవేలి ముద్ర పడింది.

తీరా ఇవ్వడం మరిచిపోయింది మస్తాన్‌బీకే. మేకప్ చేసిన పార్లరు ఓనరుకు చీర, తాంబూలం ఇచ్చి పంపారు. ఆమె దగ్గర పనిచేసే, రెండు గంటలు నిలబడి పూలజడ వేసిన మస్తాన్‌బీ దువ్వెనలు సర్దుకుంటోంది. పెళ్ళికూతురి పెద్దమ్మ చూసింది.

“ఏమే హైమా, మొహానికి రంగేసినావిడకి పట్టుచీరా, జడేసినామెకి వట్టిచేతులా?”

“అయ్యో, మరిచేపోయానక్కా!”

హైమావతి సంచిలో చెయ్యిపెట్టింది. నేను తగిలాను. బిళ్ళ గట్టిగా తగిలితే కవరు నిండుగా ఉందనుకుంటారు మనుషులు.

“సాయంత్రం రిసెప్షన్‌కీ నువ్వే రావాలమ్మాయ్,” అని నన్ను ఇచ్చింది.

ఇచ్చినవాళ్ళ ఎదుట కవరు విప్పకూడదు. మస్తాన్‌బీ మెట్ల మలుపులో విప్పింది. రెండుసార్లు లోపలికి చూసింది. తరవాత ఓనరుకు ఫోన్ చేసింది.

“ఖాళీ కవరిచ్చారక్కా. పెళ్ళికూతురు జడ బరువుగా ఉందంటానే ఉంది. నా పని నచ్చలేదేమో.”

“నోరెత్తమాక. అడిగావంటే ఇంకో పెళ్ళికి పిలవరు.”

“అడగనులే. సాయంత్రానికి మాత్రం ఇంకెవర్నన్నా పంపు.”

నన్ను ఉంచుకోబుద్ధి కాలేదు; ఖాళీగా తిరిగిస్తే అడిగినట్టే. అందుకని ఆమె తన పర్సులోంచి యాభై నోటు తీసి నాలో పెట్టింది. తలంబ్రాలు అయ్యాక చదివింపుల బల్ల దగ్గరికి తెచ్చింది.

“పేరు?” అన్నాడు రాసే పెద్దాయన.

“మస్తాన్‌బీ.”

“మగపెళ్ళివారా, ఆడపెళ్ళివారా?”

“జడవైపు.”

ఆయన అలాగే రాసుకుని మైకులో చదివాడు: “జడ మస్తాన్‌బీ, యాభై ఒకటి!”

జనం నవ్వారు. హైమావతి నవ్వలేదు. జడవేసినామె చదివింపు చదివించడమేమిటని వేదిక దిగి వచ్చింది. నన్ను తీసుకుని వెనక్కి తిప్పింది. తన పసుపు వేలిముద్ర చూసింది; పొద్దున తనిచ్చిన కవరే. సంచి తెరిచింది. జడవేసినామె కోసం నింపిన కవరు అందులోనే ఉంది.

గేటు దగ్గర మస్తాన్‌బీని అందుకుంది.

“తప్పయిపోయిందమ్మా. అది నేనింకా నింపని కవరు.”

“అంతేనా? జడ బాగానే ఉందిగా?”

“బాగుండకేం! మగపెళ్ళివారి ఆడపడుచులు నీ ఫోన్ నంబరు అడుగుతున్నారు.”

మస్తాన్‌బీ చేతిసంచి భుజం మార్చుకుంది.

“సాయంత్రం ఎన్నింటికి రమ్మంటారు?”

ఐదింటికి వచ్చింది. జడ పూర్తయ్యాక హైమావతి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి చీర, తాంబూలం ఇచ్చింది. మిగిలిన కవరును విప్పి, నోటు చూపించి, చేతిలో పెట్టింది.

నేను హైమావతి బీరువాలో, పెళ్ళి చీర మడతలో ఉన్నాను. యాభై నోటు నాలోనే ఉంది.