వేరు లేని మొక్క

నేను ఒక సూక్ష్మదర్శినిని. పుట్టింది అంబాలాలో. మొదట ఒక కాలేజీలో ఇరవై ఏళ్లు ఉల్లిపొర చూపించాను. నాలోకి తొంగిచూసిన పిల్లల్లో సగం మందికి కనిపించింది తమ కనురెప్పల వెంట్రుకలే. వాటి బొమ్మలే గీసి మార్కులు కూడా తెచ్చుకున్నారు. తరవాత చిత్తూరు వైపు ఒక తెగుళ్ల ప్రయోగశాలకు చేరాను. అక్కడి శాస్త్రవేత్త ఉమామహేశ్వరం గారు ఏ బూజునైనా చూడగానే దాని ఇంటిపేరూ గోత్రమూ చెప్పేసేవారు.

ఒకరోజు చెంగమ్మ అనే రైతు తుండుగుడ్డలో చిక్కుడు మొక్క తెచ్చింది. ఆమెకున్న ఎకరమూ చిక్కుడే. అప్పటికే నాలుగు సాళ్లు వాడిపోయాయి. మొక్కను శుభ్రంగా కడిగి, వేరు కోసేసి మరీ తెచ్చింది.

"మట్టితో తెచ్చి మీ బల్ల మీద పెడితే బాగుంటాదా సామీ?" అంది.

ఆయన ఎండుటాకును నా కింద పెట్టారు. చచ్చిన ఆకు మీద ఏదో ఒక బూజు ఉండనే ఉంటుంది. అదే చూపించాను. ఆకుమచ్చ తెగులని రాసి, మందు చెప్పి పంపించారు. అడిగింది చూపించడమే నా పని, అడగనిది చెప్పడానికి నాకు నోరు లేదు.

పదిహేను రోజులకు చెంగమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి మొక్కను మట్టిబెడ్డతో సహా బల్ల మీద వేసింది.

"అరెకరా పాయ సామీ. ఇంగ కడిగేదానికి ఓపిక లేదు."

ఆయన కాండం నిలువునా చీల్చారు. లోపల గోధుమరంగు చార. ముక్కను గాజుపళ్లెంలో ఐదు రోజులు పెంచితే దూదిలాంటి బూజు వచ్చింది. నాలో చూస్తే కొడవలి ఆకారపు బీజాలు. అది ఫ్యుజేరియం, ఎండు తెగులు. మట్టిలో ఉండి వేరు గుండా పైకెక్కుతుంది. ఆకుల మీద కొట్టిన మందు దాని దాకా పోనే పోదు.

చెంగమ్మకు కబురు పెట్టి పిలిపించారు. "తప్పు నాదేనమ్మా. వేరు ఎక్కడుందని నేనే అడగాల్సింది," అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు, అదే ఆఖరు. మిగిలినవన్నీ పీకి కాల్చమన్నారు. నాలుగేళ్లు ఆ చేలో రాగి పంట వేయమన్నారు.

"పచ్చంగా కాసేటివి గూడానా సామీ?"

"అవి కూడా."

ఐదో ఏడు ఆమె మరో చిక్కుడు మొక్క తెచ్చింది. వేరు, మట్టి, పూత అన్నీ ఉన్నాయి.

"జబ్బేమీ లేదు సామీ. మీరు చూసి చెప్తే నాకు నిద్ర పడతాది."

కాండం లోపల తెల్లగా ఉంది. అయినా ఆయన నాలోకి చాలాసేపు చూశారు. ఏమీ కనిపించలేదు. నేను చూపించినవాటన్నిటిలోకీ మంచిది అదే.

ఇప్పుడు నేను పాత సామాన్ల గదిలో ఉన్నాను. అద్దానికి బూజు పట్టిందని పక్కన పడేశారు. అది ఏ జాతిదో చూడడానికి ఇంతవరకూ ఎవరూ రాలేదు. వస్తే, ముందే కడిగేయొద్దని చెప్పాలని ఉంది. నోరే లేదు.