నాలుగో నంబరు వయోలా

నా భార్య సైమీని పట్టణ వాద్యబృందంలోకి రానివ్వకుండా చేసింది ఔలిస్ రెకొలా. ఇది నా అభిప్రాయం కాదు. జరిగింది. నేను చూశాను.

ఆ బృందం పంతొమ్మిది వందల అరవై ఒకటిలో అగ్నిమాపక కేంద్రం మేడ మీద మొదలైంది. మందుల షాపాయన, ఇద్దరు టీచర్లు, ఒక దర్జీ, పాలకేంద్రం గుమాస్తా. సైమీ డెబ్భై నాలుగులో చేరింది. పగలు పాలకేంద్రంలో వెన్నశాతం పరీక్షలు చేసేది, బుధవారం సాయంత్రాలు వయోలా వాయించేది. వయోలా అంటే వయొలిన్‌కి అక్కలాంటిది. ఒళ్లు కాస్త పెద్దది, గొంతు కాస్త లోతు, కచేరీలో దానివైపు ఎవరూ చూడరు. రెకొలాదీ అదే వాద్యం. ఇద్దరికీ కలిపి ఒకే స్టాండు, ఒకే కాగితాలు. పేజీలు సైమీ తిప్పేది. పద్నాలుగేళ్లు తిప్పింది.

ఎనభై ఎనిమిదిలో పురపాలక సంఘం ఆ బృందాన్ని తన కిందికి తీసుకుంది. బడిలో వంటమనిషికీ, రోడ్ల మీద మంచు తోసే డ్రైవరుకీ ఉన్నట్టే ఇక వాద్యగాళ్లకీ ఉద్యోగం, సెలవులు, పింఛను. పాతవాళ్లైనా సరే పరీక్ష ఇవ్వాలన్నారు. తెర వెనక నిలబడి వాయించాలి. పేరు ఉండదు, నంబరే. వయోలా వరసకు పెద్దగా రెకొలాను ముందే నియమించారు, అందుకని అతను వినేవాళ్లలో కూర్చున్నాడు.

తెర కట్టింది నేనే. అప్పట్లో బడిలో మరమ్మతుల పని నాది, పరీక్ష పెట్టింది బడి వ్యాయామశాలలో. అడుగుల చప్పుడును బట్టి ఆడో మగో తెలిసిపోతుందని నాచేత తివాచీ కూడా పరిపించారు. సైమీది నాలుగో నంబరు. విన్నవాళ్లు ఐదుగురు, తీసుకోవాలంటే ముగ్గురు చెయ్యెత్తాలి. ఆమె వాయించాక ఇద్దరు చేతులెత్తారు, ఇద్దరు ఎత్తలేదు. రెకొలా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చాడు. ఉత్తరం పంపినా సరిపోయేది.

"సైమీ, నిన్ను తీసుకోలేదు," అన్నాడు.

"సరే. కాఫీ తాగుతావా?"

తాగాడు. యాలకుల బన్ను రెండు తిన్నాడు. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.

ఆ తరవాత పాతికేళ్లు నేను అతనితో మాట్లాడలేదు. మా పట్టణంలో అదేం కష్టమైన పని కాదు.

సైమీ మాత్రం బృందం పెట్టిన ప్రతి కచేరీకీ వెళ్లింది. నేను కారులో దింపి, కచేరీ జరిగే చర్చి ఆవరణలో కారులోనే కూర్చునేవాణ్ణి.

"లోపలికి రావొచ్చుగా. చలికి బిగుసుకుపోతావు," అనేది.

"కారు వెచ్చగానే ఉంది."

"నేను కారు సంగతి అడగలేదు."

రెండు వేల పదమూడు శరత్కాలంలో ఆమె కాలేయంలో గడ్డ బయటపడింది. జనవరికల్లా పట్టణ ఆసుపత్రిలో మంచం పట్టింది. ఇక కొన్ని వారాలే అని డాక్టరు చెప్పాడు. బృందంలోంచి నెలకోసారి నలుగురు ఆసుపత్రికి వచ్చి వాయిస్తారు. చంటిపిల్లల బడికీ, ముసలివాళ్ల ఆశ్రమానికీ వెళ్లినట్టే. వాళ్ల పనిలో అదొక భాగం. ఆ నెలా వచ్చారు, వాయించారు, వెళ్లారు.

"బాగుంది. కానీ నాకు కావలసింది ఇది కాదు," అంది సైమీ.

"మరేంటి?"

"సాధన. కచేరీలు పాతికేళ్లుగా వింటూనే ఉన్నా. సాధనే లేకుండా పోయింది. ఆగడం, మళ్లీ ఎత్తుకోవడం, ఎవరో ఒకరు తిట్లు తినడం. పోయేలోపు ఒక్కసారి ఆ వరసలో కూర్చోవాలి. రెకొలాకి ఫోన్ చెయ్యి."

"ఇంకెవరూ లేరా?"

"ఉన్నారు. నువ్వు అతనికే చెయ్యాలి."

రెండు రోజులు చెయ్యలేదు. ఆమె మళ్లీ అడగలేదు. మూడో రోజు జావ తాగకుండానే గిన్నె పక్కకు నెట్టేసింది. నేను వరండాలోకి వెళ్లి ఫోన్ చేశాను.

"నేను, ఏవెర్ట్‌ని," అన్నాను.

రెకొలా అడిగాడు.

"సైమీ పోయిందా?"

"లేదు. సాధనకి రావాలంటోంది. ఈ చలిలో బయటికి తీసుకెళ్లనివ్వరు."

"అయితే సాధనే అక్కడికి వస్తుంది," అని పెట్టేశాడు.

అతను పింఛను మీద ఉన్న డెబ్భై ఐదేళ్ల ముసలివాడు. బృందంలో అతని మాటకు అధికారమేమీ లేదు. బృందాన్ని నడిపే మర్యుత్ ఇంటికి ఆ మంచులో నడిచి వెళ్లి, ఆమె ఒప్పుకునేదాకా గుమ్మం కదల్లేదని తరవాత తెలిసింది.

మంగళవారం పదింటికి పంతొమ్మిది మంది వచ్చారు. పెద్ద వాద్యాలు మంచాల లిఫ్టులో ఎక్కాయి. భోజనాల గదిలో బల్లలు గోడకు జరిపారు.

"పదకొండున్నరకి భోజనాల బండి వస్తుంది," అంది నర్సు పైవి. "ఎంత గొప్ప సంగీతమైనా బండికి దారి ఇవ్వాల్సిందే."

సైమీ చక్రాల కుర్చీని వయోలాల చివరి వరసలో పెట్టారు. మోచేతి కింద దిండు పెట్టి, ఆమె వయోలా భుజానికి ఆనించాను. పక్కన రెకొలా కూర్చున్నాడు. ఇద్దరికీ ఒకటే స్టాండు. ఈసారి పేజీలు అతను తిప్పాడు.

ఒకే ముక్క ఆరుసార్లు వాయించారు. తలుపు దగ్గర కూర్చున్న ముసలి రోగి ఒకాయన నన్ను పొడిచి అడిగాడు. "వీళ్లకి ఇది రాదా ఏంటి?"

"నేర్చుకుంటున్నారు," అన్నాను.

"జీతాలిచ్చి నేర్పిస్తున్నారన్నమాట."

సైమీ నాలుగు స్వరాల్లో ఒకటి వాయిస్తోంది. మర్యుత్ తాళం చూపే పుల్ల దించింది.

"వయోలాలు, చివరి వరస. వెనకబడిపోతున్నారు. నిద్రొస్తోందా?"

నర్సు పైవి చేతిలో పళ్లెం గాల్లోనే ఉండిపోయింది. మర్యుత్ ముఖం మారలేదు.

"తప్పు మాదే. మళ్లీ వాయిస్తాం," అంది సైమీ.

"వాయించండి."

వాయించారు.

"ఇంకా వెనకే ఉన్నారు. మళ్లీ."

మూడోసారికి సరిపోయింది. సైమీ నా కోసం తల తిప్పి చూసింది.

"విన్నావా? నన్ను తిట్టింది."

ఆ ముఖం నేను ఎనభై ఎనిమిది తరవాత చూడలేదు.

కాఫీకి ఆపినప్పుడు రెకొలా కప్పు పట్టుకుని మా దగ్గరే కూర్చున్నాడు.

"ఆ రోజు తెర వెనక నువ్వేనని మొదటిసారి కమాను లాగగానే తెలిసిపోయింది, సైమీ. పద్నాలుగేళ్లు పక్కనే విన్న చెయ్యి. తెలిసిపోయాక చెయ్యెత్తితే మోసం అనిపించింది."

"నాకు తెలుసులే," అంది. "నీ చోట నేనున్నా అంతే చేసేదాన్ని."

"నేనైతే చేసేవాణ్ణి కాదు," అన్నాను.

"అందుకే నిన్ను తెర కట్టడానికే పిలిచారు."

రెకొలా నవ్వబోయి ఆగాడు. నేను అడిగాను. "ఆ రోజు ఎలా వాయించింది?"

"వచ్చినవాళ్లలో రెండో స్థానం."

"వయోలాకి ఉద్యోగాలెన్ని?"

"రెండు."

నేను కప్పు బల్ల మీద పెట్టాను. సైమీ నా మణికట్టు పట్టుకుంది. పట్టులో బలం లేదు, అయినా పట్టుకుంది.

"రెండో స్థానమట," అంది, అదొక్కటే విన్నట్టు. "కాఫీ అయిపోయింది. పద ఔలిస్, పిలుస్తున్నారు."

ఆ రోజు భోజనాల బండి ఇరవై నిమిషాలు ఆలస్యంగా కదిలింది. నర్సు పైవి దాన్ని వరండాలో తనే అడ్డుపెట్టి నిలబెట్టింది. బండి వెళ్లాక కూడా సైమీ ఒకటిన్నర దాకా వరసలో ఉంది. తొమ్మిది రోజులకు పోయింది.

నేను ఊరిబడిలో ఆరేళ్లు చదివాను, సంగీతం తెలియదు. కానీ ఒకటి తెలుసు. చనిపోయే మనిషి మీద జాలిపడటం తేలిక. మర్యుత్ జాలిపడలేదు. సైమీని వరసలో మనిషిగా చూసింది, తిట్టింది, సరిదిద్దింది. ఒక రోగి కోసం పంతొమ్మిది మంది ఉద్యోగులను భోజనాల గదిలో కూర్చోనిచ్చిన పట్టణం మాది. నాకు ఈ పట్టణం మీద ఫిర్యాదులు చాలా ఉన్నాయి. ఆ మంగళవారం తరవాత వాటిలో సగం వదిలేశాను.

అంత్యక్రియలైన వారానికి రెకొలా ఇంటికి వెళ్లాను. గేటు దగ్గర మంచు తోస్తున్నాడు.

"ఆ సాధనకు నీకు రుణపడి ఉన్నాను," అన్నాను. "నువ్వు లేకపోతే జరిగేది కాదు. ఆమెకు అంతకంటే మంచి రోజు నేనెప్పుడూ ఇవ్వలేదు."

అతను పార మంచులో గుచ్చి నిలబడ్డాడు. "లోపలికి రా, ఏవెర్ట్. ఆ ఓటు సంగతి నీతో మాట్లాడాలని..."

"నేను నీతో మాట్లాడను," అన్నాను. "ఈరోజే కాదు. ఇక ఎప్పుడూ."