ఆయన కొట్టేసిన పదకొండు వాక్యాలు

"నీ నవలల్లో ఇళ్లకి అంట్లు ఉండవా అమ్మాయ్?" అంది అత్తగారు, నేను గిన్నెలు తోముతుంటే.

"ఉంటాయత్తయ్యా. హీరో తోముతాడు."

"అందుకేనా అంతలా అమ్ముడుపోతున్నాయి" అని ఫక్కున నవ్వింది. పెళ్లయి రెండు నెలలు. ఆ నవ్వుకే రోజంతా గాల్లో తేలాను.

ఎనిమిది ప్రేమ నవలలు రాశాను నేను. మొదటిది కాలేజీలో, చివరి బెంచీలో, ఎకనామిక్స్ నోట్సు వెనక పేజీల్లో మొదలైంది. ఇప్పుడు బస్సులో ఎవరో అమ్మాయి నా పుస్తకం చదువుతూ తన స్టాపు దాటిపోతే, నేనూ దిగకుండా ఆమె ముఖమే చూస్తూ కూర్చుంటాను. వారపత్రికలో నా సీరియల్ ఒక్క వారం ఆగితే ఫోన్లు ఎత్తలేక చస్తున్నామని ఎడిటరుగారి గోల. ఈ ఇంట్లో మాత్రం భోజనానికొచ్చిన వాళ్లతో "కోడలు ఏదో రాసుకుంటూ ఉంటుంది లెండి" అంటారు మామగారు. మొన్న ఆడపడుచు భర్త, "పెళ్లికి ముందే ఇన్ని రాశావంటే అంతా అనుభవమేనా చెల్లెమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, దానికే నా మీద నాకు కోపం. మా ఆయన కంచంలోకి చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున, "ఈ వారం భాగం పంపేముందు నేనోసారి చూస్తా" అన్నాడు. నా మొదటి పాఠకుడు మొగుడే అని మురిసిపోయి, టీతో పాటు కాగితాలూ అందించాను.

ఎర్ర గీతలతో తిరిగొచ్చాయి. "కాస్త తగ్గించా, అంతే."

లెక్కపెట్టాను. పదకొండు వాక్యాలు. కథలో అతను ఆమెను దగ్గరికి తీసుకున్న పేరా చెక్కుచెదరలేదు. ముద్దూ భద్రంగానే ఉంది. ఆమె అతని చొక్కా పట్టుకుని "అప్పుడే వెళ్లకు" అన్నది పోయింది. "ఈసారి నేను చెప్పినట్టు" అన్నది పోయింది.

"అతను అడిగినవన్నీ ఉంచావు. ఆమె నోరు తెరిచి అడిగినవే కొట్టేశావు" అన్నాను.

"మా ఆఫీసులో అందరూ చదువుతారు. అది నువ్వే అనుకుంటారు" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవులంటే నాకు ప్రాణం.

"అనుకోనీ. నాకేం చిన్నతనం కాదు."

కూర్చుని మొత్తం తిరగరాశాను, పదకొండూ ఎక్కడివక్కడే పెట్టి. మీద నా పేరు రాసి కవరు అంటించేదాకా మా ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మరి ఆమె అలా అడిగాక అతనేమంటాడు?" అన్నాడు చివరికి, ఉండబట్టలేక.

"వచ్చే వారం పత్రిక కొనుక్కుని చదువు" అన్నాను. "అందరితో పాటు."