డ్రిల్లు టీచరమ్మ తలుపు

"కీళ్ళు వచ్చేశాయండీ. నాలుగూ స్టీలువే. రేపు పొద్దున్నే వచ్చి, పాతవి పీకి, కాస్త కోసి బిగించేస్తా. పెద్దమ్మగారికి చెప్పొద్దన్నారు కదా, నేను చెప్పను లెండి!"

కొడుకు స్నానానికి వెళ్తూ బల్లమీద వదిలేసిన ఫోన్ మోగితే, ఎత్తి "హలో" అన్న పాపానికి డ్రిల్లు టీచరమ్మ చెవిన పడిన మాటలివి.

"ఇంతకీ ఎవరు నువ్వు?" అంది.

అవతల ఏదో యంత్రం గుర్రుమంటోంది. ఆ గోలలో అతను అన్నది "వడ్రంగిని" అని. ఆవిడకి వినపడింది "వైద్యుణ్ణి" అని. ఫోన్ పెట్టేశాడు.

డ్రిల్లు టీచరమ్మ తన కాళ్ళకేసి చూసుకుంది. ఉన్నవి రెండు మోకాళ్ళు. కుడి మోకాలి కీలు మార్పించుకుని వాకరు పట్టుకుని నడుస్తోంది. ఇంక మిగిలింది ఒక్కటి. ఒక్క మోకాలికి నాలుగు కీళ్ళా? మిగతా మూడూ ఎక్కడ బిగిస్తారట, మోచేతులకా, దవడకా? దవడకే అయ్యుంటుంది. తన నోరు మూయించాలని ఇంట్లో అందరికీ ఎప్పణ్ణుంచో ఉంది!

వెంటనే పొరుగూళ్ళో ఉన్న అక్కకి ఫోన్ కొట్టింది. "అక్కా! నన్ను కోస్తారటే. నాలుగు చోట్ల. నాకు చెప్పకుండా!"

"ఎవడే వాడు? నేనొస్తున్నా ఉండు," అంది అక్క. అక్కకి వివరాలతో పని లేదు, కోపానికి సందు దొరికితే చాలు. ఆ కుటుంబమే అంత.

అసలు ఆ ఇంట్లో కోపానికి ఓ భాష ఉంది. ఎవరికి కోపమొచ్చినా నోటితో చెప్పరు, తలుపుతో చెబుతారు. పెద్ద తలుపు 'ధన్'మంటే కోడలు అలిగినట్టు. వంటింటి తలుపు 'టప్'మంటే కొడుక్కి కూర నచ్చనట్టు. డ్రిల్లు టీచరమ్మ గది తలుపు 'ధడేల్'మందంటే మేడమీద వాళ్ళు కూడా మంచం మీంచి లేచి కూర్చుంటారు. అలాంటి మనిషికి మోకాలు ఆపరేషనయ్యాక, తలుపు వాకరుకి అడ్డమొస్తోందని దాన్ని ఊడదీసి బాల్కనీలో చేరేశారు. గుమ్మానికి పూల తెర కట్టారు. తెరని ఎంత కోపంగా లాగినా ఏమంటుంది? 'సర్ర్' అంటుంది. పిల్లి తుమ్మినట్టు.

పైగా తెరంటే ఎవరికీ లెక్కలేదు. చీర సర్దుకుంటుంటే "అత్తయ్యా, టీ" అని కోడలు. కాలికి మందు రాసుకుంటుంటే "అమ్మా, నా చార్జరు" అని కొడుకు. వేలమంది పిల్లల్ని ఈలతో నిలబెట్టిన మనిషి, తన గదిలోకి వచ్చేవాళ్ళని ఆపలేకపోతోంది. ఆవిడకి కావలసింది ఒక్కటే: తన చేత్తో మూసుకునే తలుపు.

ఆవిడ పక్కకి జారే తలుపు పెట్టమంది. కొడుకు కీళ్ళ తలుపే అన్నాడు. వాడు లిఫ్టు మెకానిక్కు. "రోజంతా జారే తలుపులతోనే నా బతుకు, ఇంట్లో కూడానా?" అని జారుకున్నాడు. తలుపు తలపెత్తితే చాలు, మాట మార్చేవాడు.

మర్నాడు పొద్దున్నే వడ్రంగి వచ్చాడు. నున్నటి గుండు, భుజాన సంచి, సంచిలోంచి తొంగిచూస్తున్న రంపం. హాల్లో కుర్చీలో కూర్చున్న డ్రిల్లు టీచరమ్మ మెళ్ళో ఈల తీసి చెవులు చిల్లులు పడేలా ఊదింది.

"ఆగక్కడ! ఎవర్ని కోద్దామనిరా ఆ రంపం? ఒళ్ళు ముట్టుకున్నావంటే ఊరుకోను!"

"ఒళ్ళేంటమ్మా? నేను కోసేది గుమ్మాన్ని," అంటూ వడ్రంగి సంచీ తెరిచి, నాలుగు తలుపు కీళ్ళు బల్లమీద పెట్టాడు. తళతళలాడుతూ, స్టీలువి.

డ్రిల్లు టీచరమ్మ వాటిని చూసింది. విషయం అర్థమైంది. నిట్టూర్చి నవ్వేసే మనిషైతే కథ అక్కడే అయిపోయేది. ఆవిడ కోపం రెట్టింపైంది. మోకాలి కీలంటే డాక్టరు పాపం. ఇది కన్నకొడుకు పాపం!

"ఒరేయ్! ఇలా రా!"

కొడుకు తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. వెనకే కోడలు.

"నాకు చెప్పకుండా కీళ్ళ తలుపు తెప్పిస్తావుట్రా? గది నాది, కాళ్ళు నావి, కీలక నిర్ణయం నీదీనా?"

"చెబితే అరుస్తావని..."

"చెప్పకపోతే పాడతాననుకున్నావా?"

"ఏవండీ, నేను ముందే అన్నాను కదా," అంది కోడలు.

"నువ్వు నాతో అనాల్సిందమ్మా, వాడితో కాదు," అని కోడలికీ ఒకటి అంటించింది అత్తగారు.

వడ్రంగి గుండు గోక్కుంటూ, "పోనీ బయటికి తెరుచుకునేలా పెట్టనా?" అన్నాడు.

"బయట నడవ. నడవలో వాష్ బేసిన్. తలుపు దానికి కొట్టుకుంటే నేను నడవలో నడవలేక మధ్యలో నిలబడాలి, బొమ్మలా. నోర్మూసుకో నాయనా."

వడ్రంగి నోరూ సంచీ రెండూ మూసుకున్నాడు.

"చెబితే నీకెక్కదురా. పట్టు," అని వాకరు కొడుకు చేతిలో పెట్టింది. "నీ గదిలోకి పో. తలుపేసుకో. ఇప్పుడు బయటికి రా. వాకరు వదలకూడదు, కుడికాలు వెనక్కి వేయకూడదు. పడితే ఇంక లేవవన్నాడు డాక్టరు, గుర్తుంచుకో. అటెన్షన్!"

ఈల మోగింది. గది లోపల కొడుకు గడియ తీసి తలుపు తనవైపు లాగాడు. తలుపు వచ్చి వాకరుకి కొట్టుకుంది. వాకరు జరపాలంటే వెనక్కి నడవాలి. వెనక్కి నడవకూడదు. చెయ్యి తిప్పాడు, నడుం తిప్పాడు, చివరికి తలుపు సందులోంచి ముక్కు ఒక్కటీ బయటికొచ్చింది.

"ఏరా, ముక్కు వచ్చింది, మనిషేడీ?"

"రాలేకపోతున్నానమ్మా!"

"నేను రోజూ అలాగే రాలేకపోయాను. అందుకే మీరు తలుపు ఊడబీకారు. ఇప్పుడు అదే తలుపు కొత్త కీళ్ళతో బిగిస్తారట. ఈ వడ్రంగికి బుద్ధి లేదు, నీకు జ్ఞాపకం లేదు!"

కొడుకు కుడికాలు వెనక్కి వేసి, ఓడిపోయి బయటికొచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది. వాడూ ఆవిడ కొడుకే మరి, కోపం ఎక్కడికి పోతుంది?

"జారే తలుపు ఇరుక్కుంటే?" అని అరిచాడు. "ఇరుక్కున్న తలుపుల్లోంచి మనుషుల్ని లాగేది నేనమ్మా! ఆ మధ్య లిఫ్టులో ఒక ముసలావిడ. కరెంటు లేదు, తలుపు కదలదు. సందులోంచి ఆవిడ వేళ్ళు పట్టుకుని కూర్చున్నా. అచ్చం నీ వేళ్ళలా ఉన్నాయి. ఇంటికొస్తే నువ్వు జారే తలుపు, జారే తలుపు అంటావు. ఎలా పెట్టమంటావు?"

వడ్రంగి మళ్ళీ సంచీ తెరిచాడు. కీళ్ళని ఒక్కొక్కటే అందులో వేసుకున్నాడు.

"ఈ మాట నోటితో చెప్పడానికి ఏ కీలు పట్టేసిందిరా నీకు?" అంది తల్లి. గొంతు తగ్గలేదు, కానీ అంచు మొద్దుబారింది. "లిఫ్టు తలుపు మోటారు చేతిలో ఉంటుంది. నా తలుపు నా చేతిలో ఉంటుంది. అంత భయమైతే ఇరుక్కోని తలుపు నువ్వే చెయ్యి. తలుపుల మెకానిక్కువి, తల్లికి తెర కడతావా?"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. కొడుకు ఆ వారం పని పట్టాలెక్కించాడు. తలుపు జారే పట్టా గుమ్మం పైన, నడవవైపు గోడకి. కింద గాడి లేదు, వాకరు చక్రం తట్టుకోదు. రెండువైపులా పిడి. ఇరుక్కుంటే బయటినుంచి పైకెత్తి దించేయొచ్చు. వడ్రంగి చెక్క మాత్రం కోసిచ్చి, "నా పని నువ్వే చేస్తే నేను లిఫ్టులు బాగుచేసుకోనా?" అని సణిగాడు. చివర్న, చప్పుడు రాకుండా తలుపు అంచుకి కొడుకు మెత్తటి రబ్బరు ముక్క అంటించబోతే ఆవిడ "అది తీసెయ్" అంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

తలుపు నిలబడి ఇంకా మేకుల పెట్టె మూయనేలేదు, పెద్ద తలుపు 'ధన్'మంది. సంచీతో అక్క! కోపం ఆ రోజే వచ్చింది, మనిషి రావడానికి వారం పట్టింది. ఆ రోజు తర్వాత తను ఎన్నిసార్లు ఫోన్ చేసినా చెల్లెలు ఎత్తలేదు మరి. 'పొరపాటు' అనే మాట డ్రిల్లు టీచరమ్మ సర్వీసులో లేదు.

"ఏరా భడవా! మా చెల్లిని నాలుగు చోట్ల కోశావట! ఆ డాక్టరేడీ?"

"కోయడమేంటి పెద్దమ్మా?" కొడుకు నోరెళ్ళబెట్టాడు.

"నాలుగు స్టీలు కీళ్ళట! దాచకు!"

వడ్రంగి నెమ్మదిగా చెయ్యెత్తాడు. "నాలుగు కీళ్ళంటే... అవి నావండీ. తలుపువి. ఫోన్ చేస్తే కోడలమ్మగారు ఎత్తారనుకుని చెప్పా..."

అందరి తలలూ డ్రిల్లు టీచరమ్మవైపు తిరిగాయి.

"వాడి మిషను గోలలో 'వైద్యుణ్ణి' అని వినపడింది," అంది ఆవిడ, గోడతో చెబుతున్నట్టు. "కోస్తా, పీకుతా, నాకు చెప్పొద్దు అంటే ఏమనుకోను?"

ముందు కోడలు నవ్వింది. తర్వాత కొడుకు. అక్క సంచీ కింద పడేసి, చెల్లెలి కాలినీ వడ్రంగి తలనీ మార్చి మార్చి చూసి, "మోకాలికీ బోడిగుండుకీ ముడి పెట్టడమంటే ఇదేనటే!" అంది. అంతే, వడ్రంగి కూడా గుండు పట్టుకుని నవ్వాడు.

నవ్వని మనిషి ఒక్కతే. వాకరు తిప్పుకుని, ఎవరి సాయమూ లేకుండా గదిలోకి నడిచి, పిడి పట్టుకుని ఒక్క లాగు లాగింది.

ధడేల్!

మేడమీద ఎవరో మంచం మీంచి లేచిన చప్పుడైంది.